చెవికీ మీటరు ముల్లుకూ వచ్చిన తగవు

రాత్రి భోజనాలు ముగిసిన వేళ. ఇంటిల్లిపాదీ టెలివిజన్ ముందు కూర్చుని నాటకం చూస్తున్నారు. తల్లీ కూతురూ గుసగుసగా మాట్లాడుకునే ఘట్టం వచ్చినది. మాటలు సరిగా వినపడటం లేదని తాతగారు అన్నారు. మనుమడు మీట నొక్కి ధ్వనిని కొంచెం హెచ్చించాడు. అంతలో నాటకం ఆగి సబ్బు ప్రకటన మొదలయినది. ఒక్కసారిగా గది దద్దరిల్లినది. ఉయ్యాలలో పసిబిడ్డ ఉలికిపడి ఏడుపు లంకించుకున్నది. "ఈ ప్రకటనల వాళ్ళు కావాలనే గొంతు పెంచుతారురా" అని తాతగారు విసుక్కున్నారు.

ఇది ఒక ఇంటి సంగతి కాదు, ఒక దేశపు సంగతీ కాదు. అమెరికాలో టెలివిజన్ ఇంటింటికీ వ్యాపించిన 1950వ దశకం నుండీ ప్రేక్షకులు ఇదే ఫిర్యాదు చేస్తూ వచ్చారు. ప్రసార కేంద్రాల ఇంజనీర్లు చెప్పిన సమాధానం కూడా చాలాకాలం ఒక్కటే: నాటకం జరుగుతున్నప్పుడూ, ప్రకటన జరుగుతున్నప్పుడూ మా మీటరు ముల్లు ఒకే గీతను తాకినది, మేము దేనినీ పెంచలేదు. ఇక్కడ తాతగారు అబద్ధం చెప్పటం లేదు. ఇంజనీరు కూడా అబద్ధం చెప్పటం లేదు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉంటే మరి తప్పు ఎక్కడ ఉన్నట్లు? మీటరులో ఉన్నది. అది కొలవవలసినదానిని కాక వేరొకదానిని కొలుస్తున్నది. ఈ సంగతి తేలి, చెవి చెప్పినదానిని అంకెగా మార్చగల మీటరు ప్రపంచమంతా అంగీకరించే రూపంలో రావటానికి సుమారు ఎనభై సంవత్సరాలు పట్టినది.

ముందుగా రెండు మాటలను విడదీసి చూడాలి. భౌతికశాస్త్రం చదివేవారికి ధ్వని తీవ్రత అంటే ఏమిటో తెలుసును. తరంగం ప్రసరించే దిశకు లంబంగా ఉన్న ఒక చదరపు మీటరు వైశాల్యం గుండా ఒక సెకనులో పోయే శక్తి అది. దీనితో చెవికి నిమిత్తం లేదు. మనుష్య సంచారం లేని అడవిలో పిడుగు పడినా దాని ధ్వనికి తీవ్రత ఉంటుంది. బిగ్గరతనం అటువంటిది కాదు. అది వినేవాని అనుభవం. ఈ రెండింటినీ మాటలలో మనం తరచు కలిపివేస్తాము. పాఠ్యపుస్తకాలలో కూడా ఇవి అప్పుడప్పుడు కలిసిపోవటం ఉపాధ్యాయులు గమనించే ఉంటారు.

మా కళాశాల ప్రయోగశాలలో ఏటా విద్యార్థులకు ఒక చిన్న ప్రయోగం చూపిస్తూ ఉంటాను. ఒక ఆడియో ఆసిలేటరు, ఒక వోల్టుమీటరు, మంచి హెడ్‌ఫోను ఒకటి ఉంటే చాలును. మొదట 1000 హెర్ట్జ్ స్వరం వినిపిస్తాను. తరువాత వోల్టేజిలో మార్పు లేకుండా 60 హెర్ట్జ్ స్వరం వినిపిస్తాను. వోల్టుమీటరు ముల్లు కదలదు. విద్యార్థి మాత్రం "తగ్గిపోయినదండీ" అంటాడు. కొందరు ఆసిలేటరు చెడిపోయినదనే అనుకుంటారు. ఇదే ప్రయోగాన్ని చిన్న లౌడ్‌స్పీకరుతో చేయటం న్యాయం కాదు. చిన్న స్పీకరు మంద్ర స్వరాలను తానే సరిగా పలకలేదు. అప్పుడు తప్పు స్పీకరుదో చెవిదో తేలదు.

ధ్వనిని కొలవవలసిన అవసరం మొదట టెలిఫోను వారికి కలిగినది. తీగ వెంట పోతున్నకొద్దీ మాట క్షీణిస్తుంది. ఎంత క్షీణించినదో చెప్పటానికి అమెరికాలోని బెల్ టెలిఫోను ఇంజనీర్లు "ప్రమాణ కేబుల్ మైలు" అనే కొలతను వాడేవారు. ఒక నిర్ణీతమైన రకం కేబులులో ఒక మైలు దూరం పోతే మాట ఎంత తగ్గుతుందో అంత అని అర్థం. మన పెద్దలు దూరాన్ని కూతతో కొలిచి "కూతవేటు" అన్నారు. వీరు కూతను దూరంతో కొలిచారు! ఈ కొలతలో చిక్కు ఏమంటే, పౌనఃపున్యం మారితే కేబులు చేసే నష్టం కూడా మారుతుంది. అందుచేత 1924లో దీనిని వదలి, సంవర్గమానం మీద ఆధారపడిన కొత్త ప్రమాణాన్ని తెచ్చారు. 1928లో దానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీద డెసిబెల్ అని పేరు పెట్టారు.

శక్తి పది రెట్లయితే 10 డెసిబెల్లు, నూరు రెట్లయితే 20, రెండు రెట్లయితే సుమారు 3. చెవికి ఈ సంవర్గమానపు కొలత చక్కగా నప్పినది. వినపడీ వినపడని ధ్వనికీ, చెవులు నొప్పి పుట్టించే ధ్వనికీ తీవ్రతలో తేడా లక్ష కోట్ల రెట్ల వరకు ఉంటుంది. దానిని 120 అనే చిన్న అంకెలో ఇమిడ్చివేయవచ్చును. మన ఇంద్రియాలు తేడాలను కాక నిష్పత్తులను గుర్తిస్తాయని ఫెక్నర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1860లోనే వ్రాసి ఉన్నాడు. ఇంతవరకు బాగానే ఉన్నది. అయితే డెసిబెల్ అనేది రెండు శక్తుల నిష్పత్తి మాత్రమే. దానికి చెవి సంగతి ఏమీ తెలియదు. ఈ మాటను ఇంజనీర్లు మరచిపోవటమే తరువాత వచ్చిన తగవుకు మూలం.

బెల్ ప్రయోగశాలలో పనిచేసిన హార్వే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1933లో ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో మొదటి పెద్ద మెట్టు. వారి పద్ధతి చాలా సామాన్యమైనది. వినేవానికి 1000 హెర్ట్జ్ స్వరం ఒకటి వినిపించారు. తరువాత వేరొక పౌనఃపున్యం గల స్వరం వినిపించారు. రెండూ ఒకే బిగ్గరతనంతో ఉన్నట్లు తోచే స్థాయిని వినేవాడే చెప్పాలి. ఇట్లా అనేక పౌనఃపున్యాలలో, అనేక స్థాయిలలో చేసి, "సమానంగా వినిపించే" బిందువులను కలుపుతూ రేఖలు గీశారు. వాటినే సమాన బిగ్గరతనపు రేఖలు అంటారు. ఈ ప్రయోగంలో కొలిచే సాధనం మనిషి చెవియే అని గుర్తుంచుకోవాలి.

ఆ రేఖలు చెప్పినది ఏమి? మన చెవికి 3000, 4000 హెర్ట్జ్ ప్రాంతంలో సూక్ష్మత ఎక్కువ. పసిపిల్లల ఏడుపులోని పదును ఈ ప్రాంతంలోనే ఉండటం చెప్పుకోదగిన విషయం. మంద్ర స్వరాలలో చెవి మొద్దుబారుతుంది. 1000 హెర్ట్జ్ స్వరం వినపడీ వినపడనట్లు ఉండే స్థాయిలో 100 హెర్ట్జ్ స్వరం కూడా అట్లాగే వినపడాలంటే దాని తీవ్రత కొన్ని వందల రెట్లు ఎక్కువ కావాలి. అయితే ధ్వని హెచ్చినకొద్దీ ఈ భేదం తగ్గిపోతుంది, రేఖలు చదునవుతాయి. 1936లో ధ్వనిమట్టం కొలిచే సాధనాలకు అమెరికాలో ఒక ప్రమాణం ఏర్పడినప్పుడు ఈ రేఖలను అనుసరించి రెండు వడపోతలను నిర్ణయించారు. చిన్న శబ్దాలకు "ఎ", ఒక మాదిరి శబ్దాలకు "బి" అని పేర్లు పెట్టారు. "ఎ" నేటికీ కర్మాగారాలలోనూ వీధులలోనూ రణగొణధ్వనిని కొలవటానికి వాడుకలో ఉన్నది. "బి"ని క్రమంగా జనం మరచిపోయారు. పాఠకులు మాత్రం దానిని మరచిపోవద్దని మనవి. కథ చివర అది మళ్ళీ వస్తుంది. అదే సంవత్సరంలో హార్వర్డు విశ్వవిద్యాలయపు స్టీవెన్స్ బిగ్గరతనానికి "సోన్" అనే ప్రమాణాన్ని సూచించాడు. స్థాయి సుమారు 10 డెసిబెల్లు హెచ్చితే బిగ్గరతనం రెట్టింపయినట్లు మనకు తోస్తుందని తేలినది. శక్తి పది రెట్లయితే గాని అనుభవం రెండు రెట్లు కాదన్నమాట.

చెవిని గురించి ఇంత తెలిసి ఉండగా ప్రసార కేంద్రాలు దానిని ఎందుకు వాడుకోలేదు? దానికి కారణం వారి అవసరం వేరు కావటమే. 1930వ దశకంలో రేడియో కార్యక్రమాలు ఒక ఊరి నుండి మరొక ఊరికి టెలిఫోను తీగల మీద పోయేవి. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క రకం మీటరు వాడేది. ఒకరు "సున్న" అన్నది మరొకరికి "మూడు" అయ్యేది. ఈ గందరగోళం తీర్చటానికి కొలంబియా, నేషనల్ అనే రెండు పెద్ద ప్రసార సంస్థలూ, బెల్ ప్రయోగశాలా కలిసి 1939లో ఒక మీటరును ప్రమాణంగా అంగీకరించాయి. అదే వి.యు. మీటరు. లేత పసుపు రంగు పలక మీద నల్లని ముల్లు, కుడివైపున ఎర్రని పట్టీ ఉన్న ఆ మీటరును పాత టేపు రికార్డర్ల మీద చూసినవారు ఉండవచ్చును. స్థిరమైన ధ్వని వచ్చినప్పుడు ముల్లు తన స్థానానికి చేరటానికి సెకనులో పదింట మూడు వంతులు తీసుకుంటుంది. అంటే అది క్షణక్షణానికీ ఎగిరిపడక, ఆ కొద్ది వ్యవధిలోని సగటును చూపిస్తుంది. సుమారు అదే కాలంలో బ్రిటిష్ ప్రసార సంస్థ మరొక దారి తొక్కినది. వారి మీటరు ముల్లు చప్పున పైకి లేచి నెమ్మదిగా దిగుతుంది. అది సగటును కాక శిఖరాన్ని, అంటే తరంగం ఎక్కడ ఎక్కువ ఎత్తుకు లేచినదో ఆ ఎత్తును, చూపిస్తుంది.

ఈ రెండు మీటర్లూ తమ పనిని చక్కగా చేశాయి. కాని వాటి పని ఏమిటో చూడండి. తీగ మీద భారం మించకుండా చూడటం, యాంప్లిఫయరులో మాట విరగకుండా చూడటం, ప్రసారిణి తన హద్దు దాటి పక్క కేంద్రాల మీద పడకుండా చూడటం. ఇవన్నీ యంత్ర రక్షణకు సంబంధించినవి. ఇంట్లో కూర్చున్న శ్రోత చెవిని కాపాడవలసిన బాధ్యతను ఆ ముల్లుకు ఎవరూ అప్పగించలేదు. వంతెన మీద బండి బరువు చూసే కావలివానిని బండిలోని సరుకు రుచి ఎట్లా ఉన్నదని అడిగితే ఏమి చెబుతాడు?

ఇక్కడే ప్రకటనలు తయారుచేసేవారికి దారి దొరికినది. తరంగపు శిఖరం ఫలానా గీతను దాటరాదు అన్నది నియమం. శిఖరాల మధ్య ఉన్న పల్లాలను పూడ్చరాదు అని నియమం లేదు! ఒక సులభమైన లెక్క చూద్దాము. 1 వోల్టు శిఖరం గల సైన్ తరంగాన్ని తీసుకుంటే, దాని వోల్టేజి వర్గం సగటు సగం. అదే 1 వోల్టు శిఖరం గల చదరపు తరంగంలో ఆ సగటు 1. శిఖరాలు సమానమే, శక్తి మాత్రం రెట్టింపు, అంటే 3 డెసిబెల్లు ఎక్కువ. నిజమైన మాటలలో ఈ తేడా ఇంకా ఎక్కువ. సహజంగా మాట్లాడే మనిషి గొంతులో అక్కడక్కడ ఒక శిఖరం లేచి, తక్కినదంతా దానికి చాలా దిగువన ఉంటుంది. కంప్రెసర్ అనే సాధనంతో శిఖరాలను అణచి, మొత్తాన్ని పైకి ఎత్తితే శిఖరం పూర్వపు గీత దగ్గరే ఉంటుంది, మిగిలిన మాట అంతా దాని భుజాల దాకా వస్తుంది. నాటకంలో నటుడు గుసగుసలాడతాడు, నిట్టూరుస్తాడు, అప్పుడప్పుడు మాత్రమే కేకవేస్తాడు. ప్రకటనలో ముప్ఫై సెకన్లూ కేకే. నిజానికి ఈ కంప్రెసర్లూ, శిఖరాలను అదుపుచేసే లిమిటర్లూ మొదట మోసానికి పుట్టినవి కావు. బలహీనమైన రేడియో సంకేతాన్ని దూరపు శ్రోతకు చేర్చటానికి పుట్టినవి. మంచి పనికి పుట్టిన సాధనం ఎవరి చేతిలో పడితే వారి పని చేస్తుంది.

ఫిర్యాదులు హెచ్చగా అమెరికా ప్రభుత్వం తరపున ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ విచారణ జరిపి, 1965లో ఒక విధాన ప్రకటన చేసినది. ప్రకటనలు అతి బిగ్గరగా ఉండటం ప్రజా ప్రయోజనానికి విరుద్ధమని చెప్పి, కంప్రెసర్లను అతిగా వాడటం మొదలు, గబగబా కీచుగొంతుతో అరవటం వరకు కొన్ని కారణాలను పేర్కొన్నది. ప్రేక్షకుల మాట నిజమేనని ఒక అధికార సంస్థ ఇట్లా ఒప్పుకొనటం గొప్ప విషయమే. అయితే "అతి బిగ్గర" అంటే ఎంత అన్నదానికి అంకె లేదు. అంకె లేని నియమాన్ని ఎవరు ఉల్లంఘించారని నిరూపించగలరు?

ఆ అంకెకోసం మొదట గట్టిగా పాటుపడినది కొలంబియా ప్రసార సంస్థ ప్రయోగశాల. బెంజమిన్ బావర్, ఎమిల్ టోరిక్ అనే ఇంజనీర్లు 1960వ దశకంలో శ్రోతలతో ప్రయోగాలు చేసి, ధ్వనిని అష్టకాల వారీగా విడదీసి, ఒక్కొక్క భాగానికి చెవి ఇచ్చే విలువను బట్టి తూచి, మళ్ళీ కలిపి బిగ్గరతనాన్ని చూపే మీటరును నిర్మించారు. 1981లో దానిని ఇంకా మెరుగుపరిచారు. సాధనం మంచిదే. కాని దానిని వాడి తీరాలని శాసించినవారు లేరు. కమిషన్ మరొకసారి ఈ విషయాన్ని విచారించి, బిగ్గరతనం మనిషి మనిషికీ మారే అనుభవమనీ, దానిని నియమంలో బంధించటం కష్టమనీ భావించి 1984లో ఫైలు మూసివేసినది. తాతగారి ఫిర్యాదు మళ్ళీ మొదటికి వచ్చినది.

డిజిటల్ టెలివిజన్ వచ్చిన తరువాత పరిస్థితి మెరుగుపడుతుందని కొందరు ఆశించారు. అమెరికాలో 1996లో అంగీకరించిన పద్ధతిలో ఒక తెలివైన ఏర్పాటు ఉన్నది. కార్యక్రమంతోపాటు, అందులోని సంభాషణ సగటు స్థాయి ఎంతో చెప్పే ఒక అంకెను కూడా పంపవచ్చును. ఇంట్లోని పెట్టె ఆ అంకెను చదివి ధ్వనిని తానే సరిచేసుకుంటుంది. ఊహ బాగున్నది. కాని ఆ అంకె నిజమైనది కావాలి కదా! చాలా కేంద్రాలలో ఎవరూ సంభాషణను కొలవలేదు. పెట్టె తయారైనప్పుడు అందులో ఏ అంకె ఉన్నదో ఆ అంకెనే అన్ని కార్యక్రమాలకూ పంపుతూ వచ్చారు. పైగా పాత పద్ధతిలో ఉండిన రొద డిజిటల్ ప్రసారంలో తొలగిపోయినది గనుక, గుసగుసకూ అరుపుకూ మధ్య ఎడం ఇంకా పెరిగినది.

చివరకు ఈ చిక్కును అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం చేపట్టినది. వివిధ సంస్థలు తమ తమ బిగ్గరతనపు మీటర్లను పరీక్షకు పంపవలసినదిగా కోరారు. ఏడుగురు ప్రతిపాదకులు పది మీటర్లు పంపారు. పరీక్ష జరిపినది కెనడాలో ఒటావా నగరంలోని కమ్యూనికేషన్స్ పరిశోధన కేంద్రం, దానికి పూనుకున్నవాడు గిల్బర్ట్ సులోద్ర్ అనే శాస్త్రజ్ఞుడు. ఆయన పోలికకోసం తన వంతుగా అతి సామాన్యమైన రెండు పద్ధతులను కూడా పరీక్షలో చేర్చాడు.

పరీక్ష జరిగిన తీరు ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది. మీటర్లలో ఏది సరి అయినదో తేల్చటానికి న్యాయమూర్తి కావాలి. ఆ న్యాయమూర్తి మరొక మీటరు కాజాలదు. అందుచేత అయిదు చోట్ల మొత్తం 97 మంది శ్రోతలను కూర్చోబెట్టారు. నిజమైన రేడియో, టెలివిజన్ ప్రసారాల నుండి తీసిన మాటలు, పాటలు, నాటకాలు, ఆటల వ్యాఖ్యానాలు వంటివాటిని వారికి వినిపించారు. ఒక స్త్రీ ఇంగ్లీషులో మాట్లాడిన మాటలు అందరికీ ప్రమాణం. శ్రోత చేయవలసిన పని ఒక్కటే. తాను వింటున్నది ఆ స్త్రీ గొంతుతో సమానంగా వినిపించేదాకా మీటను తిప్పాలి. ఫ్లెచర్, మన్సన్ స్వరాలతో చేసిన పనినే, సుమారు డెబ్బై ఏళ్ళ తరువాత, జీవితంలో నిజంగా వినే ధ్వనులతో చేశారన్నమాట. శ్రోతలు తిప్పిన మేరకూ, మీటర్లు చెప్పిన అంకెలకూ ఎంత పొందిక ఉన్నదో తరువాత లెక్కవేశారు.

ఫలితం చూసి చాలామంది ఆశ్చర్యపోయి ఉండాలి. చెవి నిర్మాణాన్ని అనుకరిస్తూ ఎంతో శ్రమతో కూర్చిన సంక్లిష్టమైన మీటర్లను, సులోద్ర్ చేర్చిన సామాన్య పద్ధతులలో ఒకటి మించిపోయినది. ఆ పద్ధతి ఏమి? మంద్ర స్వరాలను కొంత తగ్గించే వడపోత గుండా ధ్వనిని పంపటం, వచ్చినదాని వర్గం సగటు తీయటం. అంతే. ఆ వడపోత మరేదో కాదు, 1936 నాటి "బి" రేఖను మంద్రభాగంలో కొద్దిగా సవరించినది! ఇంట్లో టెలివిజన్ వినే స్థాయిలో, నానావిధమైన ధ్వనులు కలగలిసి ఉండగా, ఆ మాత్రపు సవరణ చాలునని తేలినది. ప్రతి చోటా ఇట్లాగే జరుగుతుందని కాదు. శుద్ధమైన ఒంటరి స్వరాలను కొలవవలసి వస్తే ఈ పద్ధతి పొరపడవచ్చును. కాని టెలివిజన్‌లో ఒంటరి స్వరాలు ఎంతసేపు ఉంటాయి?

దీనికి ఇంకొక వడపోతను చేర్చారు. మన తల ఒక గోళంలాగా ధ్వనికి అడ్డు నిలిచి, 2000 హెర్ట్జ్‌కు పైబడిన స్వరాలను చెవి దగ్గర కొంత హెచ్చిస్తుంది. దానికోసం ఆ భాగాన్ని సుమారు 4 డెసిబెల్లు పెంచారు. వెనుక స్పీకర్ల నుండి వచ్చే ధ్వనికి కొంచెం ఎక్కువ విలువ ఇచ్చి, అన్ని దిక్కుల శక్తులనూ కూడి ఒక్క అంకె చేశారు. ఈ విధానమే 2006లో అంతర్జాతీయ సిఫారసుగా వెలువడినది. దాని సంఖ్య బి.ఎస్. 1770. డిజిటల్ వ్యవస్థ మోయగల గరిష్ఠ స్థాయిని సున్నగా పెట్టుకుని, అంతకు ఎంత దిగువన ఉన్నదో చెబుతారు గనుక ఈ అంకెలు ఎప్పుడూ రుణాత్మకంగా ఉంటాయి. కొలమానానికి అమెరికాలో ఎల్‌.కె.ఎఫ్‌.ఎస్‌. అనీ, ఐరోపాలో ఎల్‌.యు.ఎఫ్‌.ఎస్‌. అనీ పేరు. పేర్లు రెండయినా సరుకు ఒక్కటే.

సగటు తీయటం అన్నంత మాత్రాన కొత్త మాయోపాయాలకు తలుపులు మూసుకుపోవు. ముప్ఫై సెకన్ల ప్రకటనలో ఇరవై సెకన్లు దాదాపు నిశ్శబ్దంగా ఉంచి, మిగిలిన పది సెకన్లు అరిచారనుకోండి. మొత్తంమీద సగటు నియమానికి లోబడే ఉంటుంది. కాలం మూడో వంతయినది గనుక ఆ పది సెకన్లలో శక్తి మూడు రెట్లు ఉండవచ్చును. అంటే 4.8 డెసిబెల్లు లాభం! దీనికి విరుగుడుగా ఐరోపా ప్రసార సంఘం వారు ఒక "గేటు" పెట్టారు. ధ్వనిని 0.4 సెకను ముక్కలుగా కోసి, బాగా నిశ్శబ్దంగా ఉన్న ముక్కలను లెక్కలోంచి తీసివేస్తారు. మిగిలినవాటి సగటు కంటే 10 డెసిబెల్లు దిగువన ఉన్న ముక్కలను కూడా తీసివేసి, అప్పుడు అసలు సగటు కడతారు. మన మాయ ప్రకటన ఇప్పుడు దొరికిపోతుంది. ఇరవై సెకన్ల మౌనం లెక్కకు రాదు, అరుపు ఒక్కటే తూకానికి వస్తుంది. 2011లో అంతర్జాతీయ సిఫారసులో కూడా ఈ గేటును చేర్చారు. చిన్న ప్రకటనల విషయంలో ఏ మూడు సెకన్ల సగటు కూడా ఫలానా హద్దు దాటరాదని ఐరోపా వారు తరువాత మరొక కట్టుబాటు పెట్టారు.

అంకె దొరికిన తరువాత నియమాలు రావటం ఆలస్యం కాలేదు. 2009లో అమెరికా డిజిటల్ టెలివిజన్ ప్రమాణాల సంఘం తన మార్గదర్శిని ప్రకటిస్తూ రుణ 24ను లక్ష్యంగా నిర్ణయించినది. 2010 ఆగస్టులో ఐరోపా ప్రసార సంఘం ఆర్ 128 అనే సిఫారసులో రుణ 23 అన్నది. ఆ పనిని నడిపించిన బృందానికి అధ్యక్షుడు ఆస్ట్రియా ప్రసార సంస్థకు చెందిన ఫ్లోరియన్ కామెరర్. ఆర్ 128లోని మెలకువ ఏమంటే, దానిని ప్రకటనలకు మాత్రమే పరిమితం చేయలేదు. వార్తలు, నాటకం, సంగీతం, ప్రకటన, అన్నింటికీ ఒకే సగటు. శిఖరం ఎంత ఎత్తు లేచినా, డిజిటల్ హద్దును తాకనంతవరకు, అభ్యంతరం లేదు. దీనితో అణచి నింపటంలో ఉన్న లాభం పోయినది. పల్లాలను పూడ్చి సగటు పెంచితే, ఆ మేరకు మొత్తాన్ని కిందికి దించవలసి వస్తుంది. అప్పుడు అది బిగ్గరగా ఉండదు సరికదా, ప్రాణం లేని మాటలాగా చప్పగా వినిపిస్తుంది.

అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన ప్రతినిధి ఆనా ఎషూ ప్రవేశపెట్టిన బిల్లు మీద అధ్యక్షుడు ఒబామా 2010 డిసెంబరు 15న సంతకం చేశారు. 1965లో అంకె లేక నిలిచిపోయిన మాటకు ఈ చట్టం అంకెను జతచేసినది. శాసనం తానుగా ఏ డెసిబెల్‌నూ చెప్పలేదు, ప్రమాణాల సంఘపు మార్గదర్శినిని అనుసరించమని ఆదేశించినది. 2012 డిసెంబరు నుండి అది అమలులోకి వచ్చినది.

మన దేశంలో 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాలలో, ప్రకటనల దృశ్యమూ ధ్వనీ మితిమీరి బిగ్గరగా ఉండరాదని ఒక నియమం వ్రాశారు. బిగ్గర అంటే ఎంతో ఆ వాక్యంలో లేదు. 1965 నాటి అమెరికా విధాన ప్రకటనలో ఉన్న వెలితియే అది. 1994లో దానిని పూరించటానికి అంతర్జాతీయ కొలత ఇంకా పుట్టలేదు గనుక ఆ నియమం వ్రాసినవారిని తప్పుపట్టలేము. ఆ సాకు 2006 తరువాత చెల్లదని మాత్రం నా అభిప్రాయం.

అమెరికా చట్టం గాలిలో వచ్చే ప్రసారానికీ, కేబులుకూ, ఉపగ్రహ ప్రసారానికీ వర్తిస్తుంది. ఇంటర్నెట్ మీద సినిమాలు చూపే సంస్థలు దాని పరిధిలోకి రాలేదు. ఆ చట్టం వ్రాసేనాటికి జనం అటువైపు ఇంకా పూర్తిగా మళ్ళలేదు. ప్రేక్షకులు అటు వెళ్ళారు, ప్రకటనలు వారి వెంట వెళ్ళాయి, అరుపులు ప్రకటనల వెంట వెళ్ళాయి. 2025 ఫిబ్రవరిలో కమిషన్ తన నియమాలు సరిగా పనిచేస్తున్నవో లేదో చెప్పమని ప్రజల అభిప్రాయాలు మళ్ళీ కోరినది. అదే ఏడు అక్టోబరులో కాలిఫోర్నియా రాష్ట్రం, ఇంటర్నెట్ ద్వారా వీడియోలు చూపే సంస్థల ప్రకటనలు కూడా కార్యక్రమం కంటే బిగ్గరగా ఉండరాదని చట్టం చేసినది. దాని అమలుకు 2026 జూలై 1ని గడువుగా పెట్టారు. ఇంతకూ ఆ బిల్లు పుట్టటానికి ప్రేరణ, ఎంతో కష్టపడి నిద్రపుచ్చిన ఒక పసిబిడ్డ ప్రకటన అరుపుకు లేచి ఏడ్వటమేనట.